ఆల్ గ్రీన్ ఆల్బమ్‌లు: ఏ వరసలో వినాలి, ఎలా వినాలి

2012 జనవరిలో న్యూయార్క్‌లోని అపోలో థియేటర్‌లో మాట్లాడుతున్న బరాక్ ఒబామా ఉన్నట్టుండి ఒక పాత పాట మొదటి వరస అందుకున్నారు. జనం కేరింతలు కొట్టారు. ఆ పాట అసలు గాయకుడు అంతకు కాసేపటి ముందే అదే వేదిక మీద పాడాడు. ఆయన ఆల్ గ్రీన్, 1970లలో పేరు తెచ్చుకున్న నల్లజాతి అమెరికన్ గాయకుడు. ఆ పాట 'లెట్స్ స్టే టుగెదర్'. ఆ కొద్ది సెకన్ల వీడియో చూసి ఈయనెవరా అని వెతికినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

వెతగ్గానే ఒక హిట్ పాటల సంకలనం దొరికింది. కారులో పెట్టుకుని, ట్రాఫిక్‌లో, హారన్ల మధ్య విన్నాను. అన్నీ ఒకేలా అనిపించాయి. మెత్తగా, తియ్యగా, ఏ పాటలోనూ ఏమీ జరగనట్టుగా ఉన్నాయి. రెండేళ్ల పాటు మళ్లీ వాటి జోలికి పోలేదు. తప్పంతా నేను విన్న పద్ధతిలో ఉందని తర్వాత తెలిసింది.

ఆల్ గ్రీన్‌కు పెద్ద గొంతు ఉంది, దాన్ని ఆయన దాచుకుంటూ పాడతాడు. గట్టిగా అరిచి మెప్పించగలిగినవాడు అరవకుండా నిలబడటంలోనే ఆయన పనితనం ఉంది. దాన్ని పట్టుకోవాలంటే చెవి కాస్త దగ్గరికి తీసుకెళ్లాలి. రెండో సంగతి, ఆయన పాటల్లో ప్రియురాలూ దేవుడూ ఒకే గొంతు కోసం పెనుగులాడుతూ ఉంటారు. విడివిడి పాటల్లో ఇది తెలియదు. ఆల్బమ్ తర్వాత ఆల్బమ్ వింటే కథలాగా విప్పుకుంటుంది. అందుకే ఈ వరస.

ముందు ఏర్పాట్లు

ఈ ఆల్బమ్‌లు చిన్నవి. చాలావరకు తొమ్మిది, పది పాటలు, అరగంటకు కాస్త అటూ ఇటూ. వారానికి ఒకటి చొప్పున పెట్టుకుంటే రెండు నెలల్లో ముఖ్యమైనవన్నీ అయిపోతాయి. ఒకే రోజు మూడు వినకండి, నాకు జరిగినట్టే అన్నీ కలిసిపోతాయి.

ఫోనులో వింటున్నట్టయితే మొదట చేయాల్సిన పని పాటల వరసను కలిపేసే షఫుల్‌ను ఆపేయడం. తర్వాత ఆల్బమ్ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఆల్ గ్రీన్ పేరుతో అసలు ఆల్బమ్‌ల కన్నా సంకలనాలే ఎక్కువ, అవే ముందు కనిపిస్తాయి. పక్కన ఉన్న సంవత్సరాన్ని నమ్మకండి, అది చాలాసార్లు మళ్లీ విడుదల చేసిన సంవత్సరం. పాటల జాబితా చూడండి. 1972, 1973 ఆల్బమ్‌లు తొమ్మిదో పాటతో ముగియాలి. ఆ తర్వాత ఇంకేమైనా ఉంటే అవి తరవాత చేర్చిన అదనపు పాటలు, వాటి ముందే ఆపేయండి. ఏ పాటతో ముగించాలో ఆలోచించి పెట్టిన ఆల్బమ్‌లివి.

ధ్వని విషయానికొస్తే, బేస్ పెంచే అమరికలన్నీ తీసేయండి. ఈ రికార్డుల్లో బేస్ గిటార్, కింది డ్రమ్ము ఇప్పటికే కావలసినంత ఉన్నాయి. పెంచితే గొంతు బురదలో కూరుకుపోతుంది. శబ్దం తక్కువగా, గది నిశ్శబ్దంగా ఉండాలి. రాత్రి భోజనాలయ్యాక, ఫ్యాన్ చప్పుడు కూడా తెలిసే వేళ అయితే మరీ మంచిది.

ఎల్పీలు కొనే అలవాటున్నవాళ్లు, ఈ ఆల్బమ్‌లను మొదట విడుదల చేసిన హై రికార్డ్స్ సంస్థ లేబుల్ చూసుకోవాలి. పాత అమెరికన్ ప్రతులు ఖరీదు, ఫ్యాట్ పాసమ్ సంస్థ ఈ మధ్యకాలంలో మళ్లీ ముద్రించినవి చాలు. పాత ప్రతి కొంటే మాత్రం అట్ట లోపలి రికార్డును బయటికి తీసి లేబుల్ చదివాకే డబ్బివ్వండి. నేను ఒకసారి మురిసిపోతూ ఇంటికి తెచ్చుకున్న ఆల్ గ్రీన్ అట్టలో క్రిస్మస్ గీతాల రికార్డు ఉంది.

మొదటి మెట్టు: ఆ గదిని తెలుసుకోండి

ఏ పాటా పెట్టకముందు ఒక గది గురించి చెప్పాలి. టెనెసీ రాష్ట్రం మెంఫిస్ నగరంలో రాయల్ స్టూడియోస్ అనే చోటు ఉంది. ఒకప్పుడది సినిమా హాలు. స్టూడియోగా మార్చినప్పుడు నేలను సమం చేయలేదు, తెర వైపు దిగుతూ వెళ్లే వాలు అలాగే ఉండిపోయింది. వాద్యకారులు ఆ వాలు నేల మీదే కూర్చుని వాయించారు. దాన్ని నడిపినవాడు విల్లీ మిచెల్, ట్రంపెట్ వాద్యకారుడు, సొంత బృందం ఉన్నవాడు. 1969 నుంచి 1976 దాకా ఆల్ గ్రీన్ పది ఆల్బమ్‌లు ఈయన చేతి మీదుగానే వచ్చాయి.

వాయించినవాళ్లు కూడా దాదాపు మారలేదు. హాడ్జెస్ ఇంటి అన్నదమ్ములు ముగ్గురు: టీనీ గిటార్, లెరాయ్ బేస్, చార్లెస్ ఆర్గన్. డ్రమ్స్ మీద హోవర్డ్ గ్రైమ్స్, కొన్ని పాటలకు ఆల్ జాక్సన్ జూనియర్. ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు వాయిస్తుంటే ఒకడి మాట ఇంకొకడు పూర్తి చేసినట్టు ఉంటుంది. ఈ రికార్డుల్లో ఎవరూ తొందరపడరు, ఎవరూ ముందుకు దూకరు.

ఇక గ్రీన్. 1946లో ఆర్కన్సాలోని ఫారెస్ట్ సిటీలో, కౌలు రైతు ఇంట పుట్టాడు. అన్నదమ్ములతో కలిసి చర్చి పాటలు పాడేవాడు. కుటుంబం మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌కు వలస వెళ్లాక, జాకీ విల్సన్ పాటలు వింటున్నాడని తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. దేవుడి పాటలు తప్ప మరొకటి ఆ ఇంట్లో వినిపించకూడదు. ఈ ఒక్క సంఘటన గుర్తుపెట్టుకోండి, చివరి దాకా పనికొస్తుంది.

మిచెల్‌ను ఆయన టెక్సాస్‌లో కలిశాడు. పద్దెనిమిది నెలల్లో నిన్ను పెద్ద గాయకుణ్ణి చేస్తానని మిచెల్ అంటే, అంత కాలం ఆగలేనని ఈయన జవాబిచ్చాడట. ఇద్దరూ తర్వాత నవ్వుకుంటూ చెప్పిన కథ ఇది. లెక్క కాస్త అటూ ఇటూ అయినా, మాట నిజమైంది.

రెండో మెట్టు: నడిమి నుంచి మొదలుపెట్టండి

మొదటి ఆల్బమ్ నుంచి వరసగా రావాలని మీకు అనిపించవచ్చు. వద్దు. 1967లో వచ్చిన తొలి పాటలు ఇంకెవరివైనా కావచ్చు అన్నట్టుంటాయి. 1969 నాటి 'గ్రీన్ ఈజ్ బ్లూస్'లో బీటిల్స్ పాటతో సహా అందరి పాటలూ పాడి, తన గొంతు ఏదో వెతుక్కుంటున్నాడు. దాన్ని పూర్తిగా వదిలేసినా నష్టం లేదు.

మొదట పెట్టాల్సింది 1972లో వచ్చిన 'ఐయామ్ స్టిల్ ఇన్ లవ్ విత్ యు'. అట్ట మీద తెల్ల సూటు వేసుకుని తెల్లని పేము కుర్చీలో కూర్చుని ఉంటాడు. మొత్తం ఒకసారి ఊరికే వినండి. ఏమీ గమనించక్కర్లేదు.

మరుసటి రోజు మూడో పాట 'లవ్ అండ్ హ్యాపీనెస్' ఒక్కటే మూడుసార్లు పెట్టుకోండి. ఇది నేను అందరికీ చెప్పే అభ్యాసం.

మొదటిసారి ఆరంభం మాత్రం వినండి. గిటార్ ఒక్కటే వస్తుంది, ఎవరో ఆలోచిస్తూ మీటినట్టుగా. గ్రీన్ ఒకటి రెండు మాటలు అంటాడు, పాటో మాటో తెలియనట్టు. తర్వాత కాలితో లెక్క కొట్టిన చప్పుడు వినిపిస్తుంది, టక్ టక్‌మని. అది టీనీ హాడ్జెస్ పెట్టె మీద కాలు వేసి కొట్టిన లెక్క. రికార్డులో దాన్ని తీసేయకుండా ఉంచారు. దాని మీద ఆర్గన్ జారి వస్తుంది, ఆ తర్వాతే బండి కదులుతుంది. ఒక పాట తయారవడం ఎదురుగా కూర్చుని చూసినట్టుంటుంది.

రెండోసారి గొంతును వదిలేసి డ్రమ్స్ వినండి. మన చెవికి తాళంలో మొదటి దెబ్బ ముఖ్యం. భజనలో చప్పట్లయినా, ఆది తాళమైనా బరువు అక్కడ పడుతుంది. ఇక్కడ నాలుగు లెక్కపెడితే రెండు, నాలుగు మీద దెబ్బ. మొదటి దెబ్బ మీద చెయ్యి ఆపి, రెండో దాని మీద చప్పట్లు కొట్టి చూడండి. మొదట తడబడతారు. ఇంకొంచెం ఓపిక పడితే ఆ దెబ్బ లెక్కకు కొద్దిగా, వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతున్నట్టు తెలుస్తుంది. మెంఫిస్ సంగీతమంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉందని నా అభిప్రాయం.

మూడోసారి గొంతు. మాట చివర ఆయన ఏం చేస్తున్నాడో చూడండి. అక్షరాన్ని పూర్తిగా పలకకుండా గాలిలో వదిలేస్తాడు. కొన్నిచోట్ల మూలుగు, కొన్నిచోట్ల నవ్వు, కొన్నిచోట్ల ఫాల్సెట్టో, అంటే మగ గొంతు పైస్థాయికి ఎక్కి దారమంత సన్నబడి పలకడం. మన గాయకులు గమకంతో స్వరాన్ని ఊపుతారు, ఈయన స్వరాన్ని సగంలో విడిచిపెట్టి మిగతాది మీ ఊహకు వదిలేస్తాడు.

ఇదే ఆల్బమ్ మధ్యలో 'సింప్లీ బ్యూటిఫుల్' ఉంది. దాని గురించి ఎక్కువ రాయను. దీపం ఆర్పి వినండి. ఆయన పెదవులు విడివడే చప్పుడు కూడా తెలిసేంత దగ్గరగా పాడాడు. స్టూడియోలో '9' అంకె వేసిన పాత మైకు ఒకటి మిచెల్ ఆయన కోసమే కేటాయించాడు. ఆ మైకుకు ఎంత దగ్గరగా నిలబడ్డాడో ఈ పాటలో తెలుస్తుంది.

మూడో మెట్టు: ఒక అడుగు వెనక్కి

ఇప్పుడు 1971కి వెళ్లండి. 'ఆల్ గ్రీన్ గెట్స్ నెక్స్ట్ టు యు'. మొదటి పాట టెంప్టేషన్స్ బృందానిది. వాళ్లది ఉరుకులు పరుగుల పాట, ఈయన దాన్ని నడకకు దింపి బ్లూస్‌గా, అంటే అమెరికా నల్లజాతివారి బాధ పలికే పాత బాణీలోకి మార్చేశాడు. గొంతులో ఇంకా గరుకు ఉంది. అరుస్తాడు, రంకె వేస్తాడు. గొంతెత్తి పాడటంలో అప్పటికే పేరున్న ఓటిస్ రెడింగ్, జేమ్స్ బ్రౌన్ ఎక్కడో వెనక నిలబడి ఉన్నట్టుంటుంది. ఆ పాటల మధ్య నాలుగోది 'టైర్డ్ ఆఫ్ బీయింగ్ అలోన్', ఆయన సొంత రచన. అక్కడ ఒక్కసారిగా గొంతు మారుతుంది, మెత్తబడుతుంది. మూడో పాటనుంచి నాలుగో పాటకు దాటే ఆ చోటు రెండుసార్లు వినండి. మూడో పాట పేరు కూడా చూసి పెట్టుకోండి: 'గాడ్ ఈజ్ స్టాండింగ్ బై'.

తర్వాత 1972 ఆరంభంలో వచ్చిన 'లెట్స్ స్టే టుగెదర్'. పేరు పాటను విల్లీ మిచెల్, ఆల్ జాక్సన్ జూనియర్, గ్రీన్ కలిసి కట్టారు. మెత్తగా పాడమని మిచెల్, మగతనంగా పాడతానని గ్రీన్ పేచీ పెట్టుకున్నారట. రోజుల తరబడి పాడించి చివరికి మిచెల్ తన మాట నెగ్గించుకున్నాడు. ఆ పాట అమెరికాలో అన్ని రకాల పాటలూ కలిసిన జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది, నల్లజాతి సంగీతానికి విడిగా ఉన్న రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో తొమ్మిది వారాలు అక్కడే కూర్చుంది. ఇంతా చేసి గ్రీన్‌కు తన గొంతులో ఆ సన్నదనం మొదట్లో నచ్చలేదు. ఆ సన్నదనమే ఆయన్ని ఆల్ గ్రీన్‌ను చేసింది.

ఈ ఆల్బమ్‌లో నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం రెండో సగంలో ఉంది. 'హౌ కెన్ యు మెండ్ ఎ బ్రోకెన్ హార్ట్'. బీ జీస్ బృందం పాట, వాళ్లు 1971లో పాడి మొదటి స్థానానికి తీసుకెళ్లారు. గ్రీన్ దాన్ని ఆరు నిమిషాలకు పైగా సాగదీశాడు. సాగదీశాడనడం అన్యాయమేమో, విడదీశాడు. ఒక్కో మాట మధ్య చోటు పెట్టాడు. పల్లవి వచ్చిన ప్రతిసారీ కొత్తగా, ఇప్పుడే తోచినట్టు అడుగుతాడు. గుండె పగిలినవాణ్ణి పరామర్శించడానికి వెళితే అతను గొణుక్కుంటున్నది చాటుగా విన్నట్టుంటుంది. వెనక తంత్రివాద్యాలు ఎప్పుడు లోపలికొచ్చాయో మీరు గుర్తించగలిగితే మీ చెవి పదునెక్కినట్టే.

నాలుగో మెట్టు: 'కాల్ మీ'

1973లో వచ్చిన ఈ ఆల్బమ్‌ను కొందరు ఆయన అన్నింటికన్నా గొప్పదిగా చెబుతారు. నేనూ ఆ కొందరిలో ఒకణ్ణి. కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, భరించండి.

ఇక్కడ చేయాల్సిన పని ఒక్కటే: మొదటి పాట నుంచి చివరి దాకా లేవకుండా కూర్చోండి. చాలా పాటలు ఒకే నష్టం చుట్టూ తిరుగుతాయి. వెళ్లిపోయిన మనిషి మీద కోపం లేదు, నిందలు లేవు. తిరిగి రావాలనిపిస్తే ఒక్క ఫోను చెయ్యి, నువ్వు బాగున్నావా, నేనిక్కడే ఉన్నాను అన్న ధోరణి. రెండు కంట్రీ పాటలు కూడా ఉన్నాయి, ఒకటి హ్యాంక్ విలియమ్స్‌ది, ఒకటి విల్లీ నెల్సన్‌ది. తెల్లజాతివారి పల్లెపాటలుగా పేరుపడ్డ వాటిని ఆయన తనవి చేసుకున్న తీరు చూడండి. మెంఫిస్‌లో ఈ రెండు సంగీతాలూ పక్కపక్క వీధుల్లోనే పెరిగాయి. రికార్డు దుకాణాల్లోనే వేరే అరల్లో ఉండేవి.

ఈసారి గమనించాల్సింది వెనక పాడే గొంతులు. డోనా, సాండ్రా రోడ్స్ అనే అక్కచెల్లెళ్లు, చార్లెస్ చామర్స్ కలిసి పాడతారు. గ్రీన్ కొన్నిచోట్ల తన గొంతునే మళ్లీ రికార్డు చేసి తనకు తానే వంత పాడుకుంటాడు. ఒంటరివాడు తనతో తాను మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

ఇక తొమ్మిదో పాట. ఇంతసేపూ మనిషి కోసం ఎదురుచూశాక, చివరి పాటలో ఎదురుచూస్తున్నది ఏసు. 'జీసస్ ఈజ్ వెయిటింగ్'. గొంతు మారలేదు, వాద్యాలు మారలేదు, బతిమాలే తీరు కూడా అదే. పిలిచే పేరు ఒక్కటే మారింది. ఆ పాట అయ్యాక వెంటనే ఇంకేదీ పెట్టకండి.

ఐదో మెట్టు: నది ఒడ్డున

'కాల్ మీ' వచ్చిన ఏడాదే గ్రీన్‌కు ఒక అనుభవం కలిగింది. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ దగ్గర కచేరీ ముగించుకుని హోటల్లో నిద్రపోతుండగా అర్ధరాత్రి మెలకువ వచ్చి, దేవుణ్ణి స్తుతిస్తూ కేకలు వేశానని ఆయనే చెప్పాడు. ఆ సంవత్సరం చివర్లో వచ్చిన 'లివిన్ ఫర్ యు' బాగుంటుంది, మీకు తీరిక ఉంటే వినండి. నేను నేరుగా 1974 నాటి 'ఆల్ గ్రీన్ ఎక్స్‌ప్లోర్స్ యువర్ మైండ్'కు వెళ్లమంటాను.

అందులో 'టేక్ మీ టు ద రివర్' ఉంది. గ్రీన్, టీనీ హాడ్జెస్ కలిసి రాశారు. 1978లో టాకింగ్ హెడ్స్ బృందం పాడాక ప్రపంచమంతా పాకింది, గ్రీన్ పాడినది మాత్రం అమెరికాలో విడిగా సింగిల్‌గా రాలేదు. సాహిత్యం మీద దృష్టి పెట్టండి. ఒక అమ్మాయి ఇతని డబ్బూ సిగరెట్లూ పట్టుకుపోయింది. అయినా ఆమె మీద మోహం పోలేదు. మరి ఏం కావాలి? నదికి తీసుకెళ్లి నీళ్లలో ముంచమంటున్నాడు. నదిలో బాప్తిస్మం పొందడం మన దగ్గరి క్రైస్తవ కుటుంబాలకు తెలియనిది కాదు, మునిగి లేస్తే పాత మనిషి పోయినట్టు లెక్క. ఇక్కడ మునగాలనుకుంటున్నవాడు పాపం కడుక్కోవడానికి అడుగుతున్నాడో, ఆ మోహంలోనే మునిగిపోవడానికి అడుగుతున్నాడో ఎన్నిసార్లు విన్నా తేలదు. తేలకపోవడమే దాని బలం.

అదే 1974 అక్టోబరులో ఆయన ఇంట్లో ఘోరం జరిగింది. స్నేహితురాలొకరు మరుగుతున్న మొక్కజొన్న జావను ఆయన ఒంటి మీద పోసి, తర్వాత తన ప్రాణం తీసుకుంది. ఆయన ఒళ్లు తీవ్రంగా కాలింది. ఆయన గురించి రాసే చాలామంది ఇక్కడే ఆగి కథలల్లుతారు. సంగీతం వినడానికి మనకు అంతకన్నా వివరం అక్కర్లేదు. 1976లో మెంఫిస్‌లో ఒక చర్చి కొని, తానే పాస్టర్ అయ్యాడు.

1975, 76 సంవత్సరాల్లో వచ్చిన మూడు ఆల్బమ్‌లు అలసిన బృందం చేసినట్టుంటాయి. దాటేయవచ్చు.

ఆరో మెట్టు: 'ద బెల్ ఆల్బమ్'

1977. మిచెల్ లేడు, హాడ్జెస్ సోదరులు లేరు, వాలు నేల లేదు. గ్రీన్ సొంత స్టూడియోలో, తానే నిర్మాతగా, తానే గిటార్ పట్టుకుని చేసిన ఆల్బమ్ ఇది. వినగానే తేడా తెలుస్తుంది. ఆ వెంట్రుకవాసి ఆలస్యం పోయింది. గిటార్ కాస్త గరగరలాడుతుంది, అక్కడక్కడా బిగువు తప్పుతుంది. మొదటిసారి నాకు వెలితిగా తోచింది. ఇప్పుడు అలా అనిపించదు, ఇల్లు మారిన మనిషి సామాను సర్దుకుంటున్న చప్పుడులా వినిపిస్తుంది.

మొదటి పాట 'బెల్'. బెల్ అనే అమ్మాయితో మాట్లాడుతున్నాడు. కోరుకునేది నిన్నే, కానీ నాకు అవసరమైనది ఆయన అని చెబుతున్నాడు. ఎనిమిదేళ్లుగా ఆల్బమ్‌ల చివర్లో, పాటల మధ్యలో దాగుడుమూతలాడిన సంగతి ఇక్కడ మొదటి పాటలోనే ఆమె ముఖం మీద చెప్పేశాడు. విచిత్రమేమిటంటే, వదిలి వెళ్తున్నానని చెప్పే ఈ పాటలో ఆయన గొంతు ప్రేమపాటల్లో కన్నా ఆర్తిగా ఉంటుంది. ఆమె దీన్ని వీడ్కోలు అనుకుని ఉంటుందా అని నాకు అనుమానం.

ఆ తర్వాత మిగిలినవి

1979లో సిన్సినాటిలో వేదిక మీదనుంచి పడ్డాడు. దాన్ని దేవుడి హెచ్చరికగా తీసుకుని చాలా ఏళ్లు భక్తి పాటలకే పరిమితమయ్యాడు. ఆ కాలం నుంచి ఒకటి చాలు: 1980లో వచ్చిన 'ద లార్డ్ విల్ మేక్ ఎ వే'. తొలి గ్రామీ ఆయనకు దీనితోనే, గాస్పెల్ అనే క్రైస్తవ భక్తి సంగీత విభాగంలో వచ్చింది. 1985లో 'హీ ఈజ్ ద లైట్' కోసం మిచెల్‌తో మళ్లీ కలిశాడు. ఓపిక ఉన్నవాళ్లకు అది.

2003లో ఇద్దరూ రాయల్ స్టూడియోలోకే తిరిగి వచ్చి 'ఐ కాంట్ స్టాప్' చేశారు. బాగానే ఉంటుంది, పాత ఫొటోకు కొత్త చట్రం కట్టినట్టు. 2008 నాటి 'లే ఇట్ డౌన్' మాత్రం వదలకండి. క్వెస్ట్‌లవ్, జేమ్స్ పోయ్‌సర్ నిర్మించారు. వాళ్లు ఈ రికార్డులు వింటూ పెరిగిన తరం. పాతదాన్ని అనుకరించకుండా, అరవై దాటిన గొంతుకు తగ్గట్టు చోటిచ్చారు. పైస్థాయి కాస్త అరిగింది. ఆ అరుగుదలను ఆయన దాచలేదు, దాని మీదే ఆనుకుని పాడాడు.

ఇక్కడికి చేరాక ఇంకో పని మిగిలి ఉంది. 1971 ఆల్బమ్ మళ్లీ తీసి మూడో పాట, 'గాడ్ ఈజ్ స్టాండింగ్ బై' పెట్టండి. మొదటిసారి విన్నప్పుడు 'టైర్డ్ ఆఫ్ బీయింగ్ అలోన్' కోసం దాన్ని దాటి వచ్చాం. ఇంకా పెద్ద హిట్లు లేవు, చర్చి లేదు, తెల్ల సూటూ పేము కుర్చీ లేవు. ఇరవై అయిదేళ్ల కుర్రాడు, వాలు నేల మీద నిలబడి, తండ్రి ఇంట్లో వినిపించినా తప్పులేని పాట పాడుతున్నాడు.